గడియారం వెనక్కి తిప్పిన ఆదివారం

చేసిన తప్పును చప్పుడు లేకుండా సరిదిద్దుకోవడం పెద్దమనిషి తరహా అని లోకం అంటుంది. దిద్దుబాటు జరిగాక దండోరా ఎందుకన్నది దాని వాదం. అమెరికాలోని దులూత్ పట్టణంలో ఆర్డిస్ టోర్విక్ యాభై ఏళ్లు అదే నమ్మింది.

ఆమె పగలు ఒక ఇన్సూరెన్సు కచేరీలో గుమాస్తా. ఇంట్లో, బట్టలుతికే గదిలో, కంప్యూటరు, మోడెం, విడిగా తీసుకున్న ఫోను లైను పెట్టుకుని ఆరేళ్లుగా, ఇతరులు తమ కంప్యూటర్ల నుంచి ఫోను చేసి కలిసే బులెటిన్ బోర్డు నడుపుతోంది. లైను ఒక్కటే కనుక ఒకరు కలిస్తే తక్కినవారికి ఎంగేజ్ మోతే గతి. అయినా ముప్పై మంది విసుగులేకుండా నంబరు తిప్పేవారు, నక్షత్రాల ఆట కోసం. ఓడ నడపాలి, సరుకు మార్చాలి, గ్రహం పట్టాలి, దానికి యుద్ధనౌకలు కాపలా పెట్టాలి. ఒకరి మొహం ఒకరు ఎరగనివారు ఒకే ఆకాశం కోసం వంతులవారీగా కొట్టుకునేవారు. మనిషికి రోజుకు రెండువందల ఎత్తులు. ఉదయం ఏడింటికి కంప్యూటరు తనంతట తానే వాటిని పంచుతుంది. నిన్న మిగిలినవి చెల్లవు.

వారిలో రైనో సల్మెలా అరవై ఎనిమిదేళ్లవాడు. ఖనిజం మోసే ఓడల ఇంజను గదుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఫోనులో మాట వినబడదు కనుక తెరమీది అక్షరాలతోనే అతనికి లోకంతో మాట. ఫిబ్రవరి నుంచి ఒక గ్రహాన్ని కట్టుకుంటూ వచ్చాడు. రెండువందల ఎత్తుల్లో ఎంత బలం మీద పడగలదో కాగితం మీద తేల్చి, అంతకు నలభై ఎక్కువ నౌకలు నిలిపాడు. ఒక్క రోజులో అది పడదని, మరునాటికి తాను గండి పూడ్చుకోగలనని అతని ధీమా.

అక్టోబరు చివర, చలికాలం వేళల కోసం దేశమంతా గడియారాలను గంట వెనక్కి తిప్పుకునే ఆదివారం వచ్చింది. ఆర్డిస్ వంటింటి గడియారం తిప్పింది, చేతి గడియారం తిప్పింది, ఏడూ నలభైకి గుర్తొచ్చి కంప్యూటరు గడియారాన్ని ఆరూ నలభైకి తిప్పి చర్చికి తయారయింది. ఇరవై నిమిషాలకు కంప్యూటరు మళ్లీ ఏడు కొట్టి, ఎత్తులు మళ్లీ పంచింది.

డ్వైట్ సోర్లీ బేకరీలో రొట్టెలు కాల్చి తెల్లవారేవేళకు ఇల్లు చేరే మనిషి. ఆ ఉదయం తొలి పంపకం కాగానే తన రెండువందల ఎత్తులూ రైనో గ్రహం మీద పోశాడు; కాపలా ఇంకా మిగిలింది. లైను వదిలేసి, గుడ్లు వేయించుకు తిని, ఊరికే మరోసారి కలిపి చూస్తే ఇంకో రెండువందలు కనబడ్డాయి. ఎక్కడివని అతడు ఆరా తీయలేదు. గ్రహం పడిపోయింది.

సోమవారం బోర్డు నిండా ఎగతాళి. పెద్దాయన కాపలా పెట్టి కునుకు తీశాడని ఒకరు, ముసలి లెక్కలు ముసలివేనని మరొకరు రాశారు. పద్ధతిగా నమోదయ్యే చిట్టాలో రెండు పంపకాలు చూసి ఆర్డిస్‌కు తను గడియారం తిప్పిన సంగతి తట్టింది. ఇతర బోర్డుల నిర్వాహకులు అయినవారికి ఆటలో దొడ్డిదారిన సాయం చేస్తారని పేరు. ఆర్డిస్ చెయ్యి ఆటను తాకదని నమ్మే ఇక్కడికి వచ్చినవారు చాలామంది. ఆ పేరు పోతుందన్న భయంతో ఆమె ఎవరికీ చెప్పకుండా ఆట ఫైలు తెరిచి గ్రహాన్నీ నౌకలనూ రైనో పేర తిరిగి రాసింది. లెక్క సరిపోయిందనుకుంది.

మంగళవారం డ్వైట్ బోర్డులో ఒక్క వాక్యం పెట్టాడు: ఈ ఆకాశంలో ఏడ్చినవారికి గ్రహాలిస్తారట. ఆ సాయంత్రమే రైనో ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకు గ్రహం ఎవరిచ్చారు?" అన్నాడు, వీధంతా వినబడే గొంతుతో.

ఆర్డిస్ కాగితం కోసం చూసింది.

"రాయనక్కర్లేదు. పెదాలు చూస్తాలే, చెప్పు."

"నేనే ఇచ్చాను. యంత్రంలో పొరపాటు జరిగింది. సర్దేశాను."

"ఆదివారం గడియారాలు తిప్పుకున్నాం కదా. యంత్రానికి గడియారం ఎవరు పెడతారమ్మా?"

ఆమె వీధివైపు చూసి లోపలికి రమ్మని సైగ చేసింది. రైనో గుమ్మం దాటలేదు.

"గ్రహం పోయిందని రాలేదు నేను. నా లెక్కలో తప్పెక్కడుందా అని ఆదివారం నుంచీ ఆ కాగితాలే తిప్పుతున్నాను. దొరకలేదు. నీ దానంతో ఇప్పుడు చేతకానివాణ్ణీ అయ్యాను, ముష్టివాణ్ణీ అయ్యాను. అది వెనక్కి తీసుకుని, ఏం జరిగిందో అక్కడ రాయి."

"రాస్తే నా బోర్డు పరువేం కాను?"

"రాయకపోతే నాదేం కాను?"

రైనో మెట్లు దిగి వెళ్లాక ఆర్డిస్ ఎవరి మీదో తెలియని కోపంతో ఉతికిన బట్టలే మళ్లీ మడతపెట్టింది. జీతంలేని చాకిరీకి ఈ నిలదీతలేమిటని ఉడికిపోయింది. శనివారం దాచిన ఆట ఫైలు నకలు తిరిగి కంప్యూటరులోకి ఎక్కిస్తే తప్పు జాడే ఉండదు. కాని ఆ తరువాత నిజాయితీగా ఆడిన పందొమ్మిది మంది శ్రమ ఊడ్చుకుపోతుంది. చప్పుడులేని దిద్దుబాటు తప్పు చేసినవారి సిగ్గును మాత్రమే కప్పుతుంది. నిందను తీసివేయదు, అది ఎవరి నెత్తిన పడిందో వారి నెత్తినే ఉంచుతుంది. ఇది తెలియడానికి ఆమెకు ఒక ముసలివాడి కేకలు కావలసివచ్చాయి.

బుధవారం కచేరీకి బయలుదేరే ముందు ఆర్డిస్ గ్రహాన్ని డ్వైట్ పేర తిరిగి రాసింది. అతడు తనకు అందిన ఎత్తులే వాడాడు. లైను కలిపిన ప్రతివారికీ ముందుగా కనబడేలా కొన్ని పంక్తులు పెట్టింది. గడియారం తిప్పింది తానని, అందువల్ల ఎత్తులు రెండుసార్లు పంచబడ్డాయని, సోమవారం ఆట ఫైలును తన చేత్తోనే మార్చానని, అందుకు రైనో అడగలేదని, రైనో సల్మెలా కాపలా లెక్క సరైనదని రాసి, కింద తన పూర్తి పేరు పెట్టింది.