టేపమ్మ దాచిన కొలత

మెడలో కొలతల టేపు లేకుండా ఆ బట్టలు కుట్టే మనిషిని చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. అసలు పేరు ఎప్పుడో మరుగున పడి టేపమ్మ అన్న పిలుపే మిగిలింది. నోరు కాస్త దురుసు. పండగకి ముందురోజు బట్ట తెచ్చి రేపటికి కావాలనేవాళ్ళని గుమ్మంలోనే కడిగేసేది. ఒంటి గురించి మాత్రం ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. ఒకరికి భుజం వాలి ఉన్నా, ఇంకొకరికి నడుం వంకరైనా, చూసీ చూడనట్టు లోపల చిన్న గుడ్డముక్క వేసి సరిచేసి పంపేది. పనితనమంటే అదేనని ఆమెకు మహా గర్వం.

అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ లేచింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ రక్తం తీయించి జన్యు పరీక్షకు పంపింది. మూడు వారాలకి కాగితం వచ్చింది.

"మీ జన్యువుల్లో ఒకచోట మార్పు ఉందండీ, పుట్టుకతో వచ్చింది. అది ఉన్నవాళ్ళకి బాగా పనిచేసే మాత్రలున్నాయి. మీకు అవే రాస్తున్నాను," అంది డాక్టరమ్మ.

"అంటే మందు కూడా ఎవరి కొలత వాళ్ళకేనన్నమాట!" అని నవ్వింది టేపమ్మ.

"మీ అక్కగారు ఇదే జబ్బుతో పోయారన్నారు కదా. ఆవిడకీ ఈ మార్పు ఉండే ఉంటుంది. అదే నిజమైతే వాళ్ళమ్మాయికి వచ్చే అవకాశం సగానికి సగం. ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. వెంటనే పరీక్ష చేయించుకోమనండి."

ఆ నవ్వు మొహంమీదే చచ్చిపోయింది.

అక్క కూతురు తపాలా ఆఫీసులో పనిచేస్తుంది. తల్లి పోయినప్పటినుంచి, ఈ మూడేళ్ళుగా, దానికి అన్నీ పిన్నే. "రిపోర్టు వచ్చిందా పిన్నీ?" అని రోజూ ఫోన్ చేస్తుంటే, రెండు వారాలపాటు "ఇంకా రాలేదే" అని బొంకింది టేపమ్మ. ఆ కాగితం చూపిస్తే ఇంకో సంగతి కూడా చెప్పాలి. దానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు.

చివరికి ఒక ఆదివారం పిల్లను పిలిచి కాగితం చేతిలో పెట్టింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పింది. తర్వాత తల వంచుకుంది.

"ఇంకోటుందే. మీ అమ్మ ఆసుపత్రికెళ్ళడానికి ఎనిమిది నెలల ముందు, జాకెట్టు ఎడమవైపు పట్టేస్తోందని నా దగ్గరకొచ్చింది. కొలిచాను. అటు ముప్పావు అంగుళం ఎక్కువుంది. చెయ్యెత్తమంటే రొమ్ముమీద చర్మం లోపలికి గుంజుకుంది. నా కళ్ళతో నేనే చూశాను."

"చూసి?"

"కుట్టు వదిలాను. తేడా తెలీకుండా రెండోవైపు గుడ్డ వేశాను. అందరికీ చేసినట్టే చేశానే. నా బుద్ధి గడ్డి తింది."

పిల్ల కాగితంమీంచి తలెత్తింది. తర్వాత మెల్లగా అంది.

"అప్పుడే డాక్టర్ దగ్గరకి వెళ్దామని నేను అమ్మ వెంటపడ్డాను పిన్నీ. 'మీ పిన్ని చూసిందిగా, ఏమన్నా ఉంటే అది ఊరుకునే రకమా' అంది అమ్మ."

 పిల్ల తిట్టినా టేపమ్మకు బాగుండేది. కొట్టినా పడేది.

"ఎప్పుడెళ్దామే పరీక్షకి?" అని మాత్రం ఎలాగో అడగగలిగింది.

"రేపే వెళ్తాను." పిల్ల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పులేసుకుంది. "నువ్వు మాత్రం రాకు పిన్నీ. రిపోర్టులో ఏమొచ్చినా నీ మొహం చూసి తెలుసుకోవాలని లేదు నాకు."

అది మెట్లు దిగి వెళ్ళిపోయింది. పరీక్షకి వెళ్తానంది కదా, అది చాలు అనుకుంది టేపమ్మ. మళ్ళీ మళ్ళీ అదే అనుకుంది. చాలలేదు. వాకిట్లోనే కూలబడి, మూడేళ్ళ కిందట అక్క పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.