నాయిన రెండు కళ్లకు రెండు ఆకాశాలు

ఎనభైల చివర్లో మా నాయిన గద్వాలలో నూలుకు రంగులు వేసేవాడు. నేను వనపర్తిలో సైన్సు టీచరును. ఆయన కుడికంట్లో శుక్లం తీసే మోతిబిందు ఆపరేషన్ అయ్యాక, మందపాటి అద్దాలు చేతికొచ్చిన రోజు నేనూ ఇంట్లోనే ఉన్నాను. ఆ రోజు డైరీ పేజీ ఇప్పుడు తీసి చూస్తే నా చేతిరాతలా ఉండదు. అక్షరాలు అంత వంకరగా పడ్డాయి.

అద్దాలు పెట్టుకొని వాకిట్లోకొచ్చిన నాయిన తలెత్తి చూశాడు. వెంటనే గోడ పట్టుకున్నాడు.

"ఓరి, ఆకాశం గిట్లెందుకైందిరా?"

"ఎట్లయింది నాయినా?"

"నీలిమందు గుమ్మరించినట్టుంది. ఆ డాక్టరు నా కంట్ల ఏమన్న పోసిండా?"

ఒక కన్ను మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు. ఆపరేషన్ కాని ఎడమకంటికి ఆకాశం మాసిన ధోవతిలా ఉందట. కుడికంటికి ఊదా కలిసిన నీలమట.

"ఏది నిజం? సైన్సు సారువు గద, చెప్పు. ఏ కంటితోని రంగు వెయ్యాలె?"

పొయ్యి మీద బానలో నీళ్లు మరుగుతున్నాయి. సాయంత్రానికి సావుకారుకు ఆకాశం రంగు నూలు ఇవ్వాలి. కిందటి రెండుసార్లూ "ముదురైంది" అని ఆయన తిప్పి పంపితే, నాయిన వెళ్లి పోట్లాడి వచ్చాడు. ఈసారీ తప్పితే పని ఇంకొకరికిస్తానని సావుకారు కబురంపాడు. రంగు పని పోతే మళ్లీ మగ్గం గుంటలో కూర్చునే మోకాళ్లు నాయినకు లేవు.

బడిలో ఏటా చెప్పే పాఠమే మొదలుపెట్టాను. ఎండలో అన్ని రంగులూ ఉంటాయి, గాలి వాటిలో నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది, అందుకే పైన ఎటు చూసినా నీలమే దిగి వస్తుంది అన్నాను. అంటూనే ఆగిపోయాను. ఊదా ఇంకా ఎక్కువ చెదురుతుంది కదా! మరి అది మనకెందుకు కనబడదు? ఎండలో అది కొంత తక్కువ. మన కంటికి దాని మీద చూపు మందం. పైగా కంటి లోపలి కటకం దాన్ని కొంత ఆపేస్తుంది. ఆ రోజుల్లో ఆపరేషన్‌లో ఆ కటకాన్నే తీసేసి, బదులుగా మందపాటి అద్దాలిచ్చేవారు. అందుకే నాయిన కుడికంటికి ఊదా దిగింది. ఇన్నేళ్లూ ఆకాశం రంగంతా పైనే తయారవుతుందనుకొని చెప్పాను. అందులో కొంత పని మన కంట్లోనే జరుగుతోందని అప్పుడే తట్టింది.

మా ఇంట్లో ప్రతి రంగుకూ గోడ మేకుకు మచ్చుగా ఒక లడి, అంటే రంగేసిన నూలు చుట్ట, వేలాడేది. కొత్త నూలును దాని పక్కన పెట్టి చూస్తే తప్పు రాదు, ఎంత మసక కంటికైనా రెండూ ఒక్కలాగే మసకగా కనబడతాయి. ఆకాశం రంగుకు మాత్రం మచ్చు లేదు. "నెత్తి మీద ఆకాశం ఉండంగ మచ్చెందుకు?" అన్నది తాత నాటి మాట. నాయిన ఆ ఆకాశాన్నీ చూసేవాడు కాదు. తాను వయసులో ఉన్నప్పుడు చూసిన నీలం మనసులో ఉండేది, అది బానలో కనబడేదాకా రంగు వేస్తూ పోయేవాడు. శుక్లంతో పసుపెక్కి నీలాన్ని ఆపేసే కంటికి అది అందాలంటే ఎంత రంగు పడాలి!

అప్పుడే అమ్మ నల్లా దగ్గర్నుంచి బిందెతో వచ్చింది. కట్టుకున్నది కిందటేడు నాయిన రంగు వేసిన నూలు చీర. ఆయన కొంగు పట్టుకొని అద్దాల దగ్గరికి లాక్కున్నాడు.

"ఇదేం రంగే?"

"ఆకాశం రంగు. నువ్వే అంటివి గద."

"నేరేడుపండు లెక్కుంది!"

"వాడకట్టోళ్లు గదే అన్నరు. నేనొస్తుంటె నేరేడుపండొచ్చిందని నవ్విండ్రు."

"మరి చెప్పొద్దా నాకు?"

"చెప్తె ఇంటివా? సావుకారు చెప్తెనే, ఆయన కండ్లే పోయినయంటివి."

నాయిన అరుగు మీద కూలబడ్డాడు.

"ఒక కన్ను ముదురు జూపిస్తది, ఇంకోటి పలుచన జూపిస్తది" అన్నాడు. "ఇగ నాతోని కాదు."

"రెండూ మూసుకో. నేను జూస్త" అంది అమ్మ, బిందె దించి.

నాయిన లడి ముంచాడు. అమ్మ తడి లడిని ఆకాశానికెదురుగా పట్టి, "ఇంకొంచెం" అంది. మళ్లీ ముంచాడు. "చాలు. ఆరితె తేలుతది" అంది. తన బాన దగ్గర ఇంకొకరు "చాలు" అనడం నాయిన ఎన్నడూ వినలేదు. అయినా లడి మళ్లీ ముంచలేదు, తీసి ఆరేశాడు.

సాయంత్రం సావుకారు నూలు ఉంచుకున్నాడు. ఆ కబురు విని నాయిన నవ్వలేదు. దిగ్భ్రమగా నా వంక చూశాడు.

"ఇన్నేండ్ల సంది నేనేసిన ఆకాశాలన్ని యాడ యాడ ఎవరు కట్టుకొని తిరుగుతుండ్రోరా!"