పుంగనూరికి పోని అయివారు

ఆ రోజుల్లో పల్లెబడికి అయివారు దొరకడం ఒక ఎత్తు, దొరికినవాణ్ణి పట్టి ఉంచుకోవడం ఇంకో ఎత్తు. ఇప్పుడు పెద్దపెద్దవాళ్ళు ఫ్యాను కింద కూర్చుని, టీచర్లకు ఎట్లా తర్ఫీదు ఇవ్వాలి, పల్లెల్లో ఎట్లా నిలబెట్టాలి అని సభలు పెడుతుంటే నన్నూ పిలుస్తుంటారు. ముసలివాణ్ణి కదా, దండ వేయడానికి ఒకరు కావాలి. నేను వెనక కుర్చీలో కూర్చుని నవ్వుకుంటుంటాను. అట్లాంటి సభ ఒకటి వెనకటికి కుప్పం రైలు స్టేషన్లో కూడా జరిగింది. దానికి ఫ్యాను లేదు, దండలు లేవు. ఎద్దుల బండ్లు మాత్రం ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మదనపల్లె ట్రైనింగు స్కూల్లో చదువు ముగించి బయటపడ్డాను. మా అమ్మ అక్కడే మిషన్ ఆస్పత్రిలో ఆయా. కొడుకు అయివారయ్యాడని ఆదివారం చర్చిలో నాకంటే ముందు వరసలో కూర్చుంది. ట్రైనింగులో మాకు పాఠం చెప్పే ఆయనను సుద్దముక్క సారు అనేవాళ్ళం (అరిగిపోయిన సుద్దముక్కలన్నీ ఏరి కోటు జేబులో వేసుకునేవాడు, అందుకని). పిల్లలకు తెలిసిన వస్తువుతో మొదలుపెట్టి తెలియని విషయానికి పోవాలి అని ఆయన రోజూ నూరిపోసేవాడు. నేను తలూపుతూ మనసులో పుంగనూరు గురించి కలలు కనేవాణ్ణి. పుంగనూరులో పెద్ద బడి ఉంది, బస్సు ఉంది, బస్సు ఆగేచోట కాఫీ హోటలు ఉంది. ఆ హోటలు దోశ నేను ఒకే ఒకసారి తిన్నాను. జీవితంలో ఏం కావాలో ఆ రోజే తేల్చుకున్నాను.

బళ్ళు నడిపే జిల్లా బోర్డువాళ్ళు మాత్రం నన్ను కుప్పం అవతల ఒక పల్లెకు వేశారు. బస్సు లేదు, హోటలు లేదు, బడికి తలుపు కూడా లేదు. అయివారికి వంతులవారీగా ఒక్కో ఇంట్లో భోజనం పెట్టడం ఆ ఊరి పద్ధతి. ఏ ఇంట్లో చూసినా రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి. ఊరిపెద్దను అందరూ పెద్దప్ప అనేవాళ్ళు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, సంతలో కొన్న కోడెను చూసుకున్నట్టు చూసేవాడు. నాకు ముందు వచ్చిన అయివార్లు ఎవరూ నిలవలేదని, ఒకరు పోయాక ఇంకొకరు వచ్చేదాకా బడి మూతపడి పిల్లలు మేకల వెంట పోయేవాళ్ళని చెప్పాడు. నేను అయ్యో అన్నాను గానీ, నేను పోయేది ఎప్పుడా అని లోపల లెక్క వేసుకుంటూనే ఉన్నాను.

అయినా పాఠం చెప్పేటప్పుడు ఒళ్ళు మరిచిపోయేవాణ్ణి, అది నా జబ్బు. భూగోళం బొమ్మ కావాలని బోర్డుకు రాసి రాసి విసిగి, ఒక మధ్యాహ్నం నా వంతు సంగటి ముద్దనే చేతిలో పట్టుకుని బడికి వచ్చి, ఇదే భూమి, ఇదే సూర్యుడి చుట్టూ తిరుగుతుంది అని చెప్పాను. బడిలో చదివే ఒకే ఒక ఆడపిల్ల, పావడ చెంగులో ఎప్పుడూ ఉలవ గుగ్గిళ్ళు మూటకట్టుకుని వచ్చేది, ఆ పిల్ల లేచి, మనం ఏ పక్క ఉండామని అడిగింది. సంగటి మీద ఒక ఉలవగింజ అంటించి కుప్పం చూపించాను. ఆ రోజు నుంచి గుగ్గిళ్ళ పిల్ల బడికి ఒక్క పూట తప్పలేదు. (భూమిని ఆ మధ్యాహ్నమే తినేశాము.)

ఇట్లా ఉండగా ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసింది. ఆయన మెచ్చుకుంటే పుంగనూరే. పిల్లలకు ఎక్కాలు, భూగోళం, పద్యాలు అన్నీ నోటికి వచ్చేదాకా చెప్పించాను. చెప్పించి, ఆ రాత్రి కలలో దోశ కూడా తిన్నాను. ఇన్‌స్పెక్టరు కలికిరి పక్క మనిషి, మా జిల్లావాడే. కోటు, టోపీ, చంకలో గొడుగు పెట్టుకుని బండి దిగాడు. భూమి ఏ ఆకారంలో ఉందని అడిగాడు. పలక మాదిరి ఉండాదయ్యా, నాలుగు మూలలుండాయి అన్నాడు మా క్లాసులో మొదటివాడు. సూర్యుడు ఎక్కడ పొడుస్తాడంటే ఒకడు పుంగనూరు పక్కన అన్నాడు. మూడు నాలుగులు ఎంతంటే ఇంకొకడు చేతులు కట్టుకుని, తమరు ఎంతంటే అంతేనయ్యా అన్నాడు. చివరికి గుగ్గిళ్ళ పిల్లను అడిగితే, ఆ పిల్ల కూడా తప్పే చెప్పి బోరున ఏడ్చింది.

ఇన్‌స్పెక్టరు నన్ను పక్కకు పిలిచి, నీకు పాఠం చెప్పడం రాలేదు, మళ్ళీ మదనపల్లెకు పోయి ట్రైనింగు మొదటినుంచీ చదువు అన్నాడు. నా బదులు ఇంకొకరు వచ్చేదాకా బడి మూసేయమని చెప్పి, మరుసటి రోజు రైలుకు పోవాలని కుప్పం బంగళాకు వెళ్ళిపోయాడు. సుద్దముక్క సారు ముఖం, చర్చిలో మా అమ్మ ముఖం కళ్ళముందు కనబడి నేను బడి గుమ్మంలో కూలబడ్డాను. ఏడుపు ఆపని గుగ్గిళ్ళ పిల్లే విషయం బయటపెట్టింది.

"పెద్దప్పే తప్పు చెప్పమన్నాడు అయివోరా. ముందర ఉండిన అయివోరప్పుడు ఇన్‌స్పెక్టరుకి మేము అన్నీ బాగా చెప్తిమి, ఆ అయివోర్ని పుంగనూరికి ఎత్తుకపోయినారు. నువ్వు ఈడనే ఉండాలని తప్పు చెప్పినాము."

నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఏది ముందు వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేను. పెద్దప్ప ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు అయింది. అయివారిని ఉంచుకుందామని వేసిన ఎత్తు అయివారితో పాటు బడినే ఎత్తుకుపోతుందని ఆయన అనుకోలేదు.

తెల్లవారగానే ఊళ్ళో ఉన్న బండ్లన్నీ కట్టారు. పిల్లలను ఎక్కించారు, నన్నూ ఎక్కించారు. మేము గుంపుగా దిగడం చూసి కుప్పం స్టేషన్ మాస్టరు ఏదో పెళ్ళివాళ్ళు అనుకుని, పెళ్ళికొడుకు ఎవరని నన్నే అడిగాడు. ఇన్‌స్పెక్టరు ప్లాట్‌ఫారం మీద తన ట్రంకు పెట్టె మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పిల్లలు ఆయన చుట్టూ మూగి, అడగకముందే ఎక్కాలు మొదలుపెట్టారు. పద్యాలు చెప్పారు, నదులు చెప్పారు. గుగ్గిళ్ళ పిల్ల ముందుకు వచ్చి, భూమి సంగటి ముద్ద మాదిరి ఉండాదయ్యా అని, అది ఎట్లా తిరుగుతుందో తానే గిరగిరా తిరిగి చూపించి కళ్ళు తిరిగి ఆయన పెట్టె మీద పడింది. రైలుకని వచ్చినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

ఇన్‌స్పెక్టరు చల్లారిన కాఫీ పక్కన పెట్టాడు. జరిగిందంతా పెద్దప్ప చెబితే విని, నా వైపు తిరిగాడు. ఇంత బాగా చెప్పేవాణ్ణి ఈ మూల వేయడం మా తప్పు, పుంగనూరు పెద్ద బడికి వేయిస్తాను అన్నాడు. నా గుండె లేడిపిల్లలా గంతులేసింది. అప్పుడు పెద్దప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యా, చదువు బాగా చెప్తే పుంగనూరికి అంటాండావు. చెప్పకపోతే మదనపల్లెకి అంటాండావు. మా ఊర్లో ఉండాలంటే అయివోరు ఎట్ల చెప్పాలప్పా?"

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల గోక్కున్నాడు. తనకు ఇచ్చిన రూల్సులో దానికి జవాబు లేదని ఒప్పుకున్నాడు. అంతలో రైలు వచ్చింది. పెట్టె ఎక్కించి, కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను పిలిచాడు.

"నీకు యాడ ఉండాలని ఉండాదప్పా?"

అంతవరకూ ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. బోర్డు అడగలేదు, ట్రైనింగు స్కూలు అడగలేదు, మా అమ్మ కూడా అడగలేదు. పుంగనూరు అన్న మాట నాలుక చివరకు వచ్చింది. సరిగ్గా అప్పుడే గుగ్గిళ్ళ పిల్ల, ఇంక అయివారు పోతాడనుకుందో ఏమో, చెంగులో ఉన్న గుగ్గిళ్ళన్నీ నా దోసిట్లో పోసింది. ఏం చేయాలో తోచక కొన్ని నోట్లో వేసుకున్నాను. రైలు కదులుతోంది, ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు. నోటినిండా గుగ్గిళ్ళు, కళ్ళలో నీళ్ళు. మాట రాక వేలితో కాళ్ళ కింద నేలను చూపించాను.

ఆ పల్లెలోనే ఎన్నేళ్ళు ఉన్నానో అడగకండి, గుగ్గిళ్ళ పిల్ల పెద్దదై ట్రైనింగు ముగించుకుని వచ్చి, లేవండి సార్, ఇంక నేను చెప్తాను అనేదాకా ఉన్నాను. సభల్లో మాట్లాడమన్నప్పుడల్లా పెద్దప్ప ప్రశ్న అప్పజెప్పి కూర్చుంటాను. అందరూ నవ్వుతారు, జవాబు మాత్రం ఎవరూ చెప్పరు. మొన్న అట్లాంటి సభే పుంగనూరులో పెట్టి, అయ్యాక నన్ను హోటలుకు తీసుకెళ్ళి దోశ తినిపించారు. ఆ రోజు స్టేషన్లో నిలబడ్డ పిచ్చి కుర్రవాడు గుర్తొచ్చాడు. దోశ బాగానే ఉంది. వాడికి కూడా ఒక ముక్క పెట్టి ఉంటే బాగుండేదనిపించింది.