తడి జుట్టు తాగిన కరెంటు

1964 జూలై 12, ఆదివారం సాయంత్రం ఆరు గంటలు. రామన్నపేటలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు వసారాలో బల్బు వెలిగించి బియ్యం ఏరుతోంది. ముసురుకు ఆరని జుట్టు విప్పుకొని, ఆ వేడికి నేనూ దాని కింద చేరాను.

“లే పోరీ! నీ తడి ఎంటికలు కరెంటంతా గుంజుతున్నయి. బిల్లు మీ బాపు కడ్తడా?”

“తప్పయిందక్కా,” అంది అమ్మ.

జుట్టు నిజంగానే కరెంటు తాగుతుందని నమ్మేశాను.

నిన్న నా మనవరాలి హెయిర్ డ్రయ్యర్ నుంచి వెచ్చటి వెంట్రుకల వాసన రాగానే ఆ యజమానురాలి మీద నా కోపం మళ్లీ లేచింది. ఆ బల్బు వెలిగింది ఆమె బియ్యం కోసం! కింద ఎవరు కూర్చున్నా అది అంతే కరెంటు కాలుస్తుందని, మా ఇంట్లో మొదటగా డిగ్రీ చదివిన నాకు తరువాత తెలిసింది.

ఆమె తిట్టిన మర్నాడే అమ్మ నా జుట్టును మెడదాకా కత్తిరించింది. బడి చదువు ముగిసేదాకా నాకు జడ లేదు.