గొడ్డలి అంచున చీలిన గుండు

గురువారం పొద్దున ఆఫీస్‌కి వెళ్తుండగా పక్కింటి ఆంటీ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది. నిద్రలోనే. పెయిన్ ఏం లేదు," అంది. కారు పక్కకి ఆపి, ఇవాళ రానని ఆఫీస్‌కి మెసేజ్ పెట్టాను.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే మీలో చాలామందికి ఆవిడ పండగ భోజనాల్లో పులిహోర కలిపే ఆంటీగానే తెలుసు. నాకు తెలిసిన ఆంటీకి భుజాన రైఫిల్, బుగ్గ మీద మసి, ఒంటినిండా తుపాకీమందు వాసన.

కార్ల కంపెనీలో గేర్ల పళ్ళు పరీక్షించే ఇంజనీరుగా రిటైరయ్యాక, పాత కొలీగ్ ఒకరు పిలిస్తే సరదాగా రైఫిల్ షూటింగ్ క్లబ్బుకి వెళ్ళారు. వెళ్ళిన నెలలోనే, పాతకాలపు రైఫిల్‌కి నకలుగా ఇప్పుడు తయారుచేసేది ఒకటి కొన్నారు. దాన్ని మూతి వైపు నుంచే నింపాలి. ముందు తుపాకీమందు, దాని మీద గుడ్డముక్కలో చుట్టిన సీసపు గుండు, ఆపైన కడ్డీతో అడుగు దాకా దిగనెట్టడం. కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నేనూ తోడు వెళ్ళేదాన్ని.

మొదట్లో గుండ్లు తలోదిక్కుకీ పోయేవి. "ఈ నకలు బ్యారెల్స్ ఇంతే. మార్చేయండి," అన్నాడు క్లబ్బు పెద్దాయన ఇంగ్లీషులో.

తిరిగి వస్తూ కార్లో ఆంటీ ఊరుకోలేదు. "ఇంతేనట! అసలు దానికేం కావాలో ఎవరైనా అడిగారా?"

అడగడం ఆ సాయంత్రమే మొదలైంది. బిగుతుగా గుడ్డ చుట్టిన కడ్డీని బ్యారెల్ లోకి నెట్టి, లోపల మెలితిరిగి ఉన్న గాళ్ళ వెంట అది ఎంత దూరానికి ఎంత తిరుగుతోందో కొలిచారు. "చూడమ్మాయ్, ఈ గాళ్ళు తిప్పితేనే గుండు తిరుగుతూ తిన్నగా పోతుంది. ఇవి లోతు తక్కువ. మనం మందు ఎక్కువ పోస్తున్నాం, గుడ్డేమో పల్చన. గుండు గాళ్ళకి పట్టకుండా జారిపోతోంది."

మర్నాడు గుడ్డల షాపులో పర్సులోంచి మైక్రోమీటర్ తీసి తానుల మందం కొలుస్తుంటే, కౌంటర్ దగ్గర అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. "బొంత కుట్టడానికా?" అనడిగితే, "కాదమ్మా, రైఫిల్‌కి," అన్నారు ఆంటీ మామూలుగా.

పేల్చిన ప్రతిసారీ ముందుకెళ్ళి గడ్డిలోంచి ఆ గుడ్డముక్కలు ఏరేవారు. చిరిగితే మందు తగ్గించడం, ఇంకాస్త దళసరి గుడ్డ వాడటం. ఆకులు రాలే కాలానికి గుండ్లన్నీ అరచెయ్యంత చోట పడసాగాయి. పెద్దాయన టార్గెట్ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసి, ఆంటీకి తిరిగిచ్చాడు.

ఆ చలికాలం ఆంటీకి క్యాన్సర్ అని తెలిసింది. చికిత్స మందులకి వేళ్ళ చివర్లు స్పర్శ కోల్పోయాయి. రైఫిల్ పేలాలంటే, మందుని అంటించే పప్పుగింజంత రాగి క్యాప్‌ని వేళ్ళతో పెట్టాలి. "మమ్మీ, ప్లీజ్, ఇంక చాలు," అని కూతురు బతిమాలింది.

"మొద్దుబారింది వేళ్ళే, నేను కాదు," అన్నారు ఆంటీ. రోజూ టీవీ ముందు కూర్చుని పళ్ళెంలోంచి కందిపప్పు ఒక్కో బద్దా తీసి సీసాలో వేసేవారు. స్పర్శ తిరిగి రాలేదు. కానీ చూపుతోనే వేళ్ళని నడపడం నేర్చుకున్నారు.

ఎండాకాలంలో క్లబ్బు పోటీ. ఆఖరి పందెం గొడ్డలి. దుంగకి కొట్టిన గొడ్డలి అంచు మనవైపు ఉంటుంది, దానికి చెరోవైపు ఒక మట్టి బిళ్ళ. గుండు అంచుకి తగిలి రెండుగా చీలితే రెండు బిళ్ళలూ పగలాలి. మిగిలింది ఇద్దరే, పెద్దాయన, ఆంటీ. ఆయన కాల్చాడు. ఒక్క బిళ్ళే పగిలింది.

ఆంటీ చేతిలోంచి క్యాప్ జారి గడ్డిలో పడింది. నేను ముందుకి కదిలాను. "వద్దు," అన్నారు చూపు తిప్పకుండా. ఇంకోటి తీసి పెట్టుకున్నారు. తుపాకీ ఎత్తారు.

ధడేల్‌మని పేలింది. తెల్లటి పొగ ఆంటీని పూర్తిగా కప్పేసింది. పక్కన నిలబడ్డ మాకు కనిపించింది: దుంగ మీద గొడ్డలి ఒక్కటే ఉంది. పెద్దాయన టోపీ గాల్లోకి విసిరి అందరికంటే ముందు కేక పెట్టాడు.

పొగ లోపల ఉన్న ఆంటీకి మాత్రం ఏమీ కనబడలేదు. "ఏమైందే? రెండూనా?" అని అరుస్తున్నారు. "రెండూ ఆంటీ, రెండూ!" అని నేను గొంతు పోయేలా అరిచాను. గాలి వీచింది. పొగలోంచి ముందు ఆవిడ నవ్వు వినపడింది, తర్వాత మసి పట్టిన చెయ్యి పైకెత్తి ఆవిడ బయటికొచ్చారు.