కవర్ల కుసుమ రోడ్డు

ఆటో దిగిన పతోడూ నన్నే అడుగుతాడు, "కవర్ల కుసుమ గారి ఇల్లెక్కడమ్మా" అని. శ్రీకాకుళం నించి వచ్చిన కాలేజీ పిల్లలూ అడుగుతారు, ఫొటోలు తీసుకునేవోళ్ళూ అడుగుతారు. నెత్తి మీద సేపల తట్టున్న మడిసిని నిలబెట్టి మరీ అడుగుతారు. అసిరమ్మ ఇల్లెక్కడని ఇంతవరకు ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. ఆ కుసుమ నా తోడికోడలు. నా మరిది రాముడి పెళ్ళాం. దాని కత నాకంటే బాగా ఎవలు సెప్పగలరు? సెప్తాను, ఇనండి. మజ్జిలో నా నోరు జారితే ఏటీ అనుకోకండి.

ముందు పేరు సూడండి. కుసుమకుమారి. మా ఒడ్డున అసిరమ్మలు, జగ్గమ్మలు, లక్ష్మణమ్మలు ఉంటారు గాని కుసుమకుమారులుంటారేటి? వాళ్ళ నాన్న చీపురుపల్లి టేసను కాడ ఎండుసేపలు అమ్మీవోడు. పట్నం గాలి తగిలి కూతురికి ఆ పేరెట్టాడు. కాపరానికి వచ్చినప్పుడు అది ఒక రేకుపెట్టె తెచ్చింది. పట్టుసీరలుంటాయనుకొని నాను దొంగసాటుగా మూత తీసి సూసాను. మడతలెట్టిన ప్లాస్టిక్ కవర్లున్నాయి. "ఏటే ఇయ్యి" అంటే, "కడిగితే బాగుంటాయక్కా, పారీబుద్ది కాదు" అన్నాది. ఆ రోజే దానికి పిచ్చి కుసుమ అని పేరెట్టాను. పేటంతా అదే పేరుతో పిలిసీది. నా ప్రాణానికి హాయిగా ఉండీది.

ఈ రోజుల్లో వల లాగితే సేపల్లో సగం కవర్లే కదా. అందరూ దులిపి మళ్ళీ నీళ్ళలోకే ఇసిరేస్తారు. ఇది పోయి ఏరుకొస్తాది. పాల పేకెట్లు, నూనె పేకెట్లు, పెళ్ళిళ్ళలో తాగి పారేసిన గ్లాసులు, అన్నీ కడిగి బట్టల తాడు మీద వరసగా ఆరేసీది. ఇంటెనకాల గోనెలు పేర్సింది. మా అత్త తిట్టింది. రాముడు నవ్వాడు గాని, ఆడే మళ్ళీ పడవలో కవర్లు విడిగా మూటగట్టి దానికి తెచ్చి ఇచ్చీవోడు. నా మొగుడు సోములు పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నాకు మూరెడు పువ్వులు తేలేదు. అది కూడా నా కడుపులో ఉండిపోయింది.

నాకూ ఒక ఇద్దె ఉన్నాది. వల కట్టడం మగోళ్ళ పని, కానీ మా అయ్యకి కొడుకుల్లేక నాకు నేర్పాడు. నాది ఎడం సెయ్యి. అందుకని నా ముడి అందరి ముడిలాగ కాకండా తిరగబడి ఉంటాది. ఓపాలి పడితే మరి ఊడదు. వల సేత్తో పట్టుకొని "ఇది అసిరమ్మ ముడి" అని మా పేటలో ఎవలైనా సెప్పేస్తారు. ఆ ఇద్దెకి నన్నెవలూ కుర్సీలో కూకోబెట్టలేదు.

రెండువేల పదిహేడులో రోడ్డు మాటొచ్చింది. హైవే జంక్షను నించి మా పేటకి రెండు కిలోమీటర్లు. అంతకుముందూ వేసారు, ఒక్క వానాకాలానికి గుంతలు పడి, ఆ మీద ఇసక కప్పేసింది. ఆటోవోడు ఇసకలోకి రాడు. ఒడ్డున ఆఖరి ఇల్లు నాదే. మోకాలు అరిగిపోయింది. తట్టెత్తుకొని జంక్షను సేరీసరికి ఎండెక్కి తట్టలో కవళ్ళ సేపలు మెత్తబడిపోతాయి, సంతలో సగానికి అడుగుతారు. నా గుమ్మం ముందుకి ఆటో వస్తే ఇంక నాకేటి కావాల?

ఈసారొచ్చిన రోడ్ల ఇంజనీరు, ఏఈ బాబు, కొత్త సంగతి సెప్పాడు. కవర్లు సన్నగా కోసి కాగిన కంకర మీద సల్లితే కరిగి రాయికి పట్టేస్తాదంట. ఆ మీద తారు కలిపితే వాన నీరు లోపలికి దిగదంట. "కవర్లు ఎంతవరకు సరిపోతే అంతవరకే ఈ రోడ్డు. శుభ్రంగా ఉండాలి. పైపు ముక్కలొద్దు. నైలాను వల అసలొద్దు, ఆ వేడికి అది కరగదు" అన్నాడు. అందరూ తల తిప్పి కుసుమ కేసి సూసారు.

అంతే. పిచ్చి కుసుమ కాస్తా కుసుమ గారు అయిపోయింది. కోత మిషను దాని ఇంటి పక్క పాకలో ఎట్టారు. పేటంతా ఏరి తెచ్చిన కవర్లని అది కుర్సీలో కూకొని సూసి ఇది పనికొస్తాది, ఇది రాదు అని ఏరీది. నాను కూడా ఒక గోనెడు తెచ్చాను. "తడిగా ఉన్నాయక్కా, ఆరబెట్టి తే" అన్నాది, అందరి ముందు. తిన్నగానే అన్నాది. నాకే నిప్పు మీద కూకున్నట్టయింది. నాకు ఆ రోడ్డు కావాల. దాని సేతుల మీదుగా రావడం మాత్రం నాకొద్దు.

ఆ సాయంత్రం మా ఆయన అన్నం కలుపుకుంటా, "మా మరదలి బుర్రే బుర్ర. నువ్వూ ఉన్నావు" అన్నాడు. సేపల పులుసు ఎవలు వండారు? ఆడి సిరిగిన వలలు ఎవలు కట్టారు? ఓలమ్మ, నా ఒళ్ళంతా మండిపోయింది.

మర్నాడు మద్దేనం కుసుమ నీళ్ళకెళ్ళింది. పాకలో కోసిన ముక్కల గోనెలున్నాయి. మా పాత నైలాను వలని కత్తితో ముక్కలు సేసి తీసుకెళ్ళాను. ఏ గోనె ఎప్పుడెత్తుతారో నాను ఆలోసించలేదు. కుసుమకి నాలుగు మాటలు పడాల, కుర్సీ దిగాల, అంతే అనుకున్నాను. గోడవార ఉన్న గోనెల్లో ముక్కలు కుక్కి కలిపేసి, పైన దాని ముక్కలే సర్దాను.

గోడవారవి ఆఖర్న ఎత్తారు. అప్పటికి రోడ్డు నల్లగా, నున్నగా మా వీది మొగ దాకా వచ్చేసింది. ఇంక మిగిలింది నా ఇంటి వరసే. నాను గుమ్మం కాడ పీటేసుకొని కూకున్నాను, కడుపుమంట ఒకపక్క, ఆశ ఒకపక్క. తారు మేస్త్రి గంగులు కంకర మీద గోనె కుమ్మరించాడు. కాసేపటికి "ఏటిది" అని కేకేసాడు. పోగులు కరక్కండా రాళ్ళకి జుట్టులాగ సుట్టుకున్నాయి. పరిసింది పరిసినట్టే కాలిజోడుకి అంటుకొని లేసొచ్చింది. ఏఈ బాబు మిగతా గోనెలు ఇప్పించి సూసాడు. అన్నింట్లోనూ వలే.

"ఇది ఎవరు కలిపారండీ?" అని కుసుమని అడిగాడు. అది ఒక వల ముక్క తీసి వేళ్ళతో నిమిరింది. నా కేసి సూసింది. ఆ ముక్కని బొడ్లో దోపుకొని, "నాదే పరాకు బాబు" అన్నాది. ఆయన 'కుసుమ గారు' అనడం మానేసి, "ఇంత నిర్లక్ష్యమైతే ఎలాగమ్మా" అని లెక్సరు ఇచ్చాడు. కుసుమ తలొంచుకొని నిలబడ్డాది. నాను కోరుకున్నది అదే. సూసి సంతోసపడదామనుకున్నాను, పడలేకపోయాను. ఇంక పనికొచ్చే కవర్లు లేవని మూడో రోజు మిషను ఎత్తుకుపోయారు. రోడ్డు ఎక్కడాగిందో అక్కడే ఆగిపోయింది.

రెండు వానాకాలాలు గడిసాయి. ఆ రోడ్డుకి సిన్న గుంత పడలేదు. అందుకే ఈ కాలేజీ పిల్లలు, ఫొటోలు. ఆటో కుసుమ ఇంటి ముందు ఆగుతాది, లక్ష్మణమ్మ ఇంటి ముందు ఆగుతాది. నాను మోకాలు ఈడ్సుకుంటా ఇసకలో వీది మొగ దాకా నడుస్తాను. మా గుమ్మం నించి రోడ్డు కొస కనబడతాది. రోజూ కనబడతాది.

మొన్న దాని ఇంటికెళితే తాడు మీద మళ్ళీ కవర్లు. ఎనకాల నాలుగు గోనెలు. "ఎవలికే ఇయ్యన్నీ, రోడ్డయిపోయింది కదా?" అన్నాను.

"ఎక్కడయిందక్కా? నీ గుమ్మం దాకా రాలేదు కదా. ఏఈ బాబుకి మళ్ళీ అర్జీ ఎట్టాను, కవర్లు సూపిస్తే వేస్తామన్నారు." ఇంట్లోకెళ్ళి ఆ రేకుపెట్టె తీసింది. అందులోంచి ఒక నైలాను ముక్క నా సేతిలో ఎట్టింది. తిరగబడిన ముడి. నా ముడే. "ఈసారి గోనెల మూతులు నువ్వే కట్టు. నువ్వు కడితే ఎవలూ ఇప్పలేరు" అన్నాది.

అంటే ఇన్నాళ్ళూ దాసిందన్నమాట. మా ఆయనకీ సెప్పలేదు, రాముడికీ సెప్పలేదు. ఒక్కపాలి తిట్టినా బాగుండీది. అంత గుండె దీనికే ఎందుకిచ్చాడు దేవుడు, అందులో రవ్వంత నాకివ్వకూడదేటి అని అక్కడ కూడా కుళ్ళుకున్నాను. కుళ్ళుకుంటానే కూకొని, ఎడం సేత్తో నాలుగు గోనెలూ కట్టాను.