లీలమ్మ చూపించిన అరుంధతి

మా అత్త లీలమ్మకు అబద్ధం చెప్పడం రాదు. ఇది పొగడ్త అనుకునేరు, కోడలిగా పాతికేళ్లు వేగినదాన్ని, ఆ బాధేంటో నాకు తెలుసు. పుదుచ్చేరి ముదలియార్‌పేటలో ఆమె జాకెట్లు కుట్టేది. కొలతలిచ్చే మనిషి "సన్నబడినాను కదా అక్కా?" అని ఆశగా అడిగితే, టేపు వైపు చూసి "లేదు, లావైనావు" అనేది. అయినా గిరాకీ తగ్గలేదు. ఆమె కుట్టిన జాకెట్టు అంత బాగా అమరేది మరి.

ఆ నోరే పెళ్లినాడు ఆమె కొంప ముంచింది. పురోహితుడు మిట్టమధ్యాహ్నం ఆకాశం వైపు వేలు చూపి "అరుంధతి కనపడిందామ్మా?" అంటే, ఏ పెళ్లికూతురైనా తల ఊపి ఊరుకుంటుంది. ఈమె ఎండకు కళ్లు చికిలించి, వెతికి వెతికి, "కనపళ్లా" అంది. పందిరంతా గొల్లున నవ్వింది. అప్పటికి నిక్కర్లు వేసుకునే మరిది సుబ్బరాయన్ ఆ పూటే ఆమెకు 'కనపళ్లమ్మ' అని పేరు పెట్టాడు. ఆయనకిప్పుడు మనవలున్నారు, ఆ పేరు మాత్రం వదల్లేదు. పప్పులో ఉప్పు తగ్గితే చాలు, "కనపళ్లమ్మకు ఉప్పుడబ్బా కనపళ్లా" అంటాడు. అత్త నవ్వి ఊరుకుంటుంది. నాకే ఒళ్లు మండుతుంది.

మా అమ్మాయి అనుప్రియకు పెళ్లి కుదిరిన రోజున ఆయన బంధువులందరి ముందూ మళ్లీ ఆ కథ ఎత్తుకున్నాడు. "నీ మనవరాలు ఏమంటాదో వదినా!" అన్నాడు.

ఈసారి అత్తకు ఎక్కడో తగిలింది. "నా మనవరాలు చూసి చెప్తాది. పెళ్లినాడే నేను చూపిస్తా. చూపించలేకపోతే, నేను పోయినాక నా ఫొటో కింద నువ్వు పెట్టిన పేరే రాయించు పో!" అంది.

ఆమె ధైర్యమంతా చెల్లెలు హేమమాలిని తెచ్చే టెలిస్కోపు మీదే. హేమమ్మ పిన్ని ఫ్రాన్సులో ఉంటుంది. తన ఇంట్లో వాడుకున్నదాన్ని పెళ్లికి వస్తూ మోసుకొచ్చింది. మీట నొక్కితే నక్షత్రాన్ని తనే వెతికి పట్టుకునే కంప్యూటర్ రకం అది. అత్త ఫోనులో వీడియోలు చూసి పని నేర్చుకుంది. మా మొట్టమాడికి, అంటే డాబాకి, వాననీళ్లు జారడానికి వాలు ఉంది. మేస్త్రీని అడిగి రసమట్టం తెచ్చి, యంత్రం మూడు కాళ్లూ సమంగా నిలిపింది. దూరంగా ఉన్న సెల్ టవర్ కొసను పగలే గొట్టంలో పట్టుకుని, పైనుండే చిన్న దుర్బిణీని కూడా దానికే సరిచేసింది. ఆకాశంలో పరీక్షించి చూద్దామంటే రెండు రోజులూ మబ్బే.

పెళ్లి తెల్లవారుజామున మండపంలో జరిగింది. పురోహితుడు పైన తిరిగే ఫాను వైపు వేలు చూపించాడు. "సాయంత్రం చూసి చెప్తా సామీ" అంది అనుప్రియ. అల్లుడు మణికంఠన్ నవ్వాపుకోలేకపోయాడు. చినమామ సుబ్బరాయన్ నావైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

చీకటి పడేసరికి మబ్బు విడిపోయింది. అమ్మాయిని గోరిమేడులోని అత్తారింటికి తీసుకుపోయే కారు కింద సిద్ధంగా ఉంది. అత్త తేదీ, టైము నొక్కి, యంత్రానికి ఆకాశం గుర్తు తెలియడానికి ముందు స్వాతి నక్షత్రానికి తనే గురిపెట్టింది. రెండోదైన చిత్తను యంత్రమే వెతికి చూపాలి. గొట్టం గుర్రుమంటూ తిరిగి, పక్కింటి నీళ్లట్యాంకు ముందు ఆగింది. చిత్తేమో అంత పైన మెరుస్తోంది! అత్త మొత్తం మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ట్యాంకే.

"ఏంది వదినా, అరుంధతి ట్యాంకులో స్నానం చేస్తా ఉండాదా?" అన్నాడు చినమామ.

కింద హారన్ మోగింది. పెద్దామె ఇంతమందిలో ఓడిపోతుందే అని నాకు ఏడుపొచ్చింది. "మీరు కాసేపు నోరు మూసుకుంటారా మామా!" అని అరిచేశాను.

అత్త కంగారుపడలేదు. "హేమ యాడ? దాన్నడిగితే తెలుస్తాది" అంది.

"పడుకొని ఉంది అత్తా, లేపినా లేవలా. రాత్రంతా కన్ను మూయలేదంట. మనిషి వచ్చినాది గానీ, ఆమెకింకా పారిస్ వదల్లా."

అత్త నన్ను అలాగే చూసింది. ఆ వెంటనే ఫక్కున నవ్వింది. "దీనికీ వదల్లేదే జయంతీ! నేను టైము మార్చినా గానీ ఊరు మార్చలా!"

మీటల పెట్టెలో ఊరి పేరు వెతికితే, పారిస్ అనే ఉంది. యంత్రం పాపం, ఇంకా పిన్ని ఇంట్లోనే ఉన్నాననుకుని, అక్కడ చిత్త ఎంత కిందుగా కనిపిస్తుందో అంత కిందికే చూస్తోంది. జాబితాలో మా పుదుచ్చేరి లేదు. "పరవాలేదు, పక్కూరే కదా" అని అత్త చెన్నై పెట్టింది. ఈసారి గొట్టం గుర్రుమని ట్యాంకును దాటి పైకి లేచి, చిత్త దగ్గర నిలిచింది. అత్త ఇంకో మీట నొక్కింది. అది ఉత్తరానికి తిరిగింది.

అనుప్రియ పూలదండ పక్కకు నెట్టి కన్ను పెట్టింది. "అవ్వా! మూడుండాయే!"

"అతుక్కున్నట్టుండే రెండూ వశిష్ఠుడు. ఉత్త కంటికి ఒకటే అనిపిస్తాది. కొంచెం ఎడంగా ఉండేది..."

"అరుంధతి! కనపడిందవ్వా! ఒట్టు, నిజంగా కనపడింది!"

డాబా దద్దరిల్లిపోయింది. మణికంఠన్ చూశాడు, వియ్యపురాలు చూసింది, హారన్ కొట్టిన డ్రైవరూ పైకొచ్చి చూశాడు. అందరి తర్వాత అత్త చూసింది. చాలాసేపు కన్ను తీయలేదు. "కనపడింది" అంది నెమ్మదిగా. చెంపలు తడిసిపోయాయి. నేను ఆమెను గట్టిగా వాటేసుకున్నాను. అంత సంతోషం నా పెళ్లిలో కూడా నాకు లేదు.

చివరికి చినమామ వచ్చాడు. రెండు చేతులతో గొట్టాన్ని పట్టుకుని కన్ను పెట్టాడు. అటు వంగాడు, ఇటు వంగాడు. మాకు నవ్వు ఆగడం లేదు. ఆయన తలెత్తి, అందరినీ చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"కనపళ్లా వదినా."

డాబా అంతా గొల్లుమంది. అత్త ఒక్కతే నవ్వలేదు.

"కనపళ్లేదంటే కనపళ్లేదనే చెప్పాల. తప్పేముంది సుబ్బరాయా? పట్టుకుంటే గొట్టం జరిగిపోతాది. చేతులు వెనక్కి పెట్టుకో, మళ్లీ చూపిస్తా" అంది.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.